వీరుడికి కప్పాల్సిన గుడ్డ

తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవంటారు. మా దొడ్లవంకలో ఆ రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి. నోరు తిమ్మమ్మది, కాలు ఆమె కోడలు శివలీలది. ఆ ఇల్లు మా అంగడికి ఎదురుగా ఉండడం వల్ల నా ఆయుష్షులో సగం వాళ్ళిద్దరినీ చూడడంతోనే గడిచిపోయింది.

నా పేరు ఉమామహేశ్వర. జమ్మలమడుగు నుంచి గండికోటకు పోయే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలగా ఉంటుంది మా ఊరు. ఊరంతా మగ్గాలున్న రోజుల్లో మా నాయన నూలు, రంగులు అమ్మాడు. మగ్గాలు తగ్గాక నేను పప్పూ ఉప్పూ కూడా పెట్టాను. మాది కూర్చుని చేసే వ్యాపారం. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు గానీ, నా విషయంలో కొండ పెరిగి పొట్టయింది. అందుకే ఊరికే నడిచేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ ఒక రకమైన అనుమానం.

శివలీల ఊరికే నడుస్తుంది. మగ్గం ముందు కూర్చుని కాసేపు నేస్తుంది, అంతలో కాలుగాలిన పిల్లిలా లేచి బయటికొస్తుంది. బడి దాటి, శనగ చేల గట్ల మీదుగా వంక దాకా పోయి తిరిగొస్తుంది. మళ్ళీ కూర్చుంటుంది, మళ్ళీ లేస్తుంది. శివరాత్రికి ఆత్మకూరు మీదుగా అడవి దారిన శ్రీశైలం నడిచిపోయేవాళ్ళు మా వైపు చాలామందే ఉన్నారు. వచ్చేటప్పుడు అందరూ బస్సెక్కుతారు. ఈమె ఒక ఏడు వచ్చేటప్పుడు కూడా నడిచే వచ్చింది. ఏమ్మా, మల్లన్న బస్సు దొరకనియ్యలేదా అని అడిగితే, బస్సులో కూర్చోవాల్సి వస్తుంది కదన్నా అని జవాబు చెప్పింది. ముఖం ఎండకు నల్లగా కమిలిపోయి ఉంది. ఇంట్లోకి పోయి మంచినీళ్ళు తాగి, మళ్ళీ వంక వైపు ఒక తిరుగుడు తిరిగొచ్చింది.

ఆమె మొగుడు అయ్యన్న నా ఈడువాడు. ఎనిమిదేళ్ళు కూడా నిండకముందే వాణ్ణి గుంతమగ్గంలో దించారు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. నేలలో చిన్న గుంత తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడేసి తొక్కుతూ నేస్తారు. పొద్దంతా కాళ్ళు ఆడుతూనే ఉంటాయి, మనిషి మాత్రం ఉన్నచోటి నుంచి జానెడు కూడా జరగడు. అయ్యన్నకు అది నరకం. నీళ్ళ వంక పెట్టుకుని లేచేవాడు, నూలు వంక పెట్టుకుని మా అంగడికి వచ్చేవాడు, వచ్చాక కూడా నిలబడే మాట్లాడేవాడు. ఒకరోజు కడపలో సైన్యంలోకి మనుషుల్ని తీసుకుంటున్నారని విని, చెప్పాపెట్టకుండా పోయి చేరిపోయాడు. ఊళ్ళో పెద్దలు దేశభక్తి అన్నారు. దేశభక్తి తర్వాత వచ్చిందేమో నాకు తెలియదు గానీ, ముందు వచ్చింది మాత్రం కాళ్ళ తిమ్మిరి.

పెళ్ళయ్యాక రెండుసార్లే సెలవు మీద వచ్చాడు. రెండోసారి వచ్చినప్పుడు, పోయే ముందు పెళ్ళాం కోసం మగ్గానికి అచ్చు నింపి పోయాడు. పడుగులోని వేల నిలువు పోగుల్ని ఒక్కొక్కటిగా దువ్వెనలాంటి అచ్చు కన్నుల్లోంచి లాగడమంటే ఎంత ఓపిక కావాలో నేతగాళ్ళ ఇళ్ళలో అడగాలి. కుదురంటే ఏమిటో తెలియని మనిషి ఆ పని చేశాడంటే నేనే పోయి చూసొచ్చాను. మోకాళ్ళ మీద నిలబడి చేస్తున్నాడు. ఆ తర్వాత మంచు కొండలకు పోయాడు. చరియ విరిగిపడింది. శవం దొరకలేదు. కొన్నేళ్ళు కనబడలేదన్నారు, తర్వాత అమరుడన్నారు, బడి ముందు స్తూపం కట్టి పేరు చెక్కించారు. ఇదంతా జరిగి ఇరవై ఏళ్ళు దాటింది.

ఇక్కడ మా ఊరి నేత కుటుంబాల ఆచారం ఒకటి చెప్పాలి. ఊరికీ కోటకీ మధ్య, జీవమ్మ శనగ చేలో, ఒక వీరగల్లు ఉంది. ఎప్పటి యుద్ధమో, ఎవరి కోసం ప్రాణమిచ్చాడో, రాయి మీది అక్షరాలు అరిగిపోయి ఎవరికీ తెలియదు. మేము కోట వీరుడంటాం. పరాయి చోట చచ్చి శవం ఇంటికి రాని మగవాడు ఉంటే, ఆ ఇంటివాళ్ళు తమ మగ్గం మీద గుడ్డ నేసి తెచ్చి ఆ రాతికి చుట్టి ముడి వేయాలి. అంతవరకూ చచ్చినవాడు ఎక్కడో నిలబడే ఉంటాడట. గుడ్డ కప్పిన రోజు వీరుడి పక్కన కూర్చుంటాడట. పడుగు చివరిదాకా నేసి, కోసి, మగ్గాన్ని ఖాళీ చేసి తెచ్చిన గుడ్డే దానికి పనికొస్తుంది.

శివలీల ఆ గుడ్డ కప్పలేదు. మగ్గాన్ని ఖాళీ కానిస్తే కదా. నేతలో ఒక వెసులుబాటు ఉంది. పడుగు అయిపోవచ్చినప్పుడు పాత కొసల్ని అచ్చులోనే ఉంచి, కొత్త పడుగు పోగుల్ని వాటికి ఒక్కొక్కటే అతుకుతారు. అట్లా అతుకుతూ పోయినంత కాలం అచ్చు మళ్ళీ నింపే పని ఉండదు. అందరూ శ్రమ తప్పుతుందని అతుకుతారు. శివలీల, అయ్యన్న నింపి పోయిన పోగు తెగకూడదని అతికింది. ఆమె నేసిన గళ్ళ లుంగీలు మా అంగట్లోంచి ఎన్ని ఊళ్ళకు పోయాయో గానీ, ఆ మగ్గం మాత్రం అప్పట్నుంచీ ఒక్కపూట కూడా ఖాళీగా లేదు.

తిమ్మమ్మ నోరు అక్కడే లేచేది. కోడలు కట్టిన చీర మీదా కాచిన పప్పు మీదా మొదలై, ఏ మాటైనా తిరిగి తిరిగి ఆ గుడ్డ దగ్గరికే వచ్చేది. ఆమె తిట్లు మేము లెక్కచేసేవాళ్ళం కాదు. ఒక్క మాట మాత్రం, ఎన్నిసార్లు విన్నా, తక్కెడ పట్టుకున్న నా చేతిని ఆపేసేది. నా కొడుకు ఇన్నేండ్ల సంది నిలబడి ఉండాడు, వాని కాళ్ళు గుంజవా అనేది.

ఈ మాఘంలో కబురొచ్చింది. కోటకు కొత్తగా వేసే వెడల్పు రోడ్డు జీవమ్మ చేలోంచే పోతుందని, వీరగల్లును తీసి భద్రంగా గండికోట లోపల పెడతారని. చేలో ఉన్నన్నాళ్ళూ అది మా వీరుడు. కోట కంచె లోపలికి పోతే చూడ్డానికే తప్ప గుడ్డ చుట్టడానికి ఒప్పుకోరు. గురువారం పొద్దున ట్రాక్టరు వస్తుందన్నారు. ఆ లోపల కప్పకపోతే అయ్యన్న ఇక ఎప్పటికీ నిలబడే ఉండాలి.

మంగళవారం తిమ్మమ్మ మా అంగడి మెట్టెక్కింది. ఆమె తిట్టకుండా మాట్లాడితే నాకు భయం.

"ఉమామహేశ్వరప్పా, అది నా మాట ఇనదు, నీ మాట ఇంటాది. ఎంబడి పోయి చెప్పు. నా కొడుకుని కూర్చోబెట్టమను. నేను పోయినాక వాన్ని అడిగేవాళ్ళు ఎవరుండారు?"

శివలీల ఎంబడి పోవడమంటే నడవడం. అంగడి నా భార్యకు అప్పజెప్పి, చెప్పులు వెతుక్కుని బయల్దేరేసరికి ఆమె బడి దగ్గర ఉంది. పరుగెత్తినంత పని చేసి అందుకున్నాను.

బడి ముందు స్తూపం నల్లరాతిది. పైన తిరగేసిన తుపాకీ, దాని మీద టోపీ చెక్కారు. కింద మూడు పేర్లు, చివరిది అయ్యన్నది. జెండా పండగలకు దండ వేస్తారు, మిగతా రోజుల్లో పిల్లలు దాని నీడలో గోలీలాడతారు. ఎన్నేళ్ళుగానో ఆమె రోజూ దాని ముందు నుంచే నడుస్తుంది, ఒక్కరోజు కూడా ఆగలేదు. పోట్లాడి మాటలు మానేసిన మనిషి ఎదురైతే ఎట్లా ముఖం తిప్పుకుంటామో అట్లా తిప్పుకుని పోతుంది. ఆ రోజూ అంతే.

మా అత్త పంపిందా అని అడిగింది. లేదు, కూర్చుని కూర్చుని నడుము పట్టేసిందన్నాను. ఆమె నా పొట్ట వైపు చూసి, అడుగు వేగం కొంచెం తగ్గించింది. ఆ దయకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఊరు దాటితే నల్లరేగడి. శనగ పీకే కాలం, చేలు సగం బోడిగా ఉన్నాయి. నాపరాతి బండలు పాతిన గట్ల వెంట దారి. ఎర్రమల కొండల మీంచి గాలి ఊరికే కొడుతోంది. చల్లదనమూ లేదు, ఆగడమూ లేదు. ఆమె నడుస్తూ దారిలో కంప కొమ్మ కనబడితే కాలితో తోసేస్తుంది, గట్టు మీద రాయి జారి ఉంటే ఎత్తి పెడుతుంది, కొంగు విప్పి మళ్ళీ దోపుతుంది. పక్కన నడుస్తుంటే నాకే ఏదో తరుముకొస్తున్నట్టు అనిపించింది. తిమ్మమ్మ చెప్పమన్న మాట నోటిదాకా వచ్చి, ఆయాసంతో కలిసి తిరిగిపోతోంది.

వీరగల్లు మనిషెత్తు ఉంటుంది. కింది వరసలో యుద్ధం, గుర్రం, పడిపోతున్న మనిషి. మధ్య వరసలో అతన్ని పైకి తీసుకుపోయే ఆడవాళ్ళు. పై వరసలో శివలింగం, దాని ముందు కాళ్ళు మడిచి కూర్చున్న వీరుడు. చుట్టూ అప్పటికే మట్టి తవ్వి, సున్నంతో గీత గీసి పోయారు. ఆమె ఆ గీత దాటకుండా రాయి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. నేను గట్టు మీద కూలబడి, ఆమె నా ముందుకొచ్చినప్పుడల్లా ఒక ముక్క చొప్పున తిమ్మమ్మ మాట చెప్పేశాను. కాళ్ళు గుంజవా అన్న మాట కూడా చెప్పాను.

అక్కడ ఆగిపోయింది. ఆమె నిలబడిపోవడం నేను చూడడం అదే మొదలు.

"ఆయన చచ్చినాడని నాకు తెలీదని ఊరంతా అనుకుంటాండారు గదన్నా. తెలుసు. కబురొచ్చిన పొద్దే తెలుసు. తిరిగొస్తాడని నేనెప్పుడూ చూల్యా." ఆమె రాతి పై వరస వైపు చెయ్యి చూపింది. "ఆ కూర్చున్నోని ముఖం చూడు. గుంతలో కూర్చున్నప్పుడు ఆయన ముఖం ఇట్లనే ఉండేది. కూర్చోలేకనే పాయె ఆ మనిషి. పట్టుకొచ్చి మళ్ళా కూర్చోబెట్టేదానికి నేనెవరు?"

రాయి వైపు చూశాను. అది ఒట్టి అరిగిపోయిన ముఖం, కళ్ళూ ముక్కూ కూడా సరిగా లేవు. కానీ ఆమె చెప్పాక అయ్యన్నే కనబడ్డాడు, నూలు వంకతో లేచి రావడానికి చూస్తున్న అయ్యన్న. నాకు ఏడుపొచ్చింది.

"మా అత్త మాట కూడా నిజమే" అంది శివలీల. "నిలబడితే కాళ్ళు గుంజవా? గుంజుతాయి. ఆయన్ని కూర్చోబెట్టలేను, నిలబెట్టలేను. అందుకే నన్ను ఒకచోట ఉండనీదు అన్నా ఇది."

ఊళ్ళోకి తిరిగొచ్చాం. తిమ్మమ్మ అరుగు మీద ఎదురుచూస్తోంది. నేను తలవంచుకుని అంగట్లోకి దూరాను.

బుధవారం పొద్దున్నుంచీ మగ్గం చప్పుడు వినబడింది. మామూలుగా ఆ ఇంటి చప్పుడు కాసేపు ఉండి ఆగిపోతుంది, తలుపు కిర్రుమంటుంది, చెప్పుల శబ్దం బడి వైపు పోతుంది. ఆ రోజు ఆగలేదు. నేను అమ్మేది అమ్ముతూనే ఉన్నా చెవి అటే ఉంది. మధ్యాహ్నం తిమ్మమ్మ జొన్నరొట్టె పళ్ళెం పట్టుకుని లోపలికి పోయి, పళ్ళెంతోనే తిరిగొచ్చింది. ఏమైందమ్మా అని సైగ చేస్తే, మాట్లాడకు అన్నట్టు నా మీదికే చెయ్యి ఊపింది. పొద్దుగూకాక చప్పుడు ఆగింది. గుడ్డ కోసిందో లేదో తెలియలేదు. అడిగే ధైర్యం తిమ్మమ్మకు కూడా లేకపోయింది.

గురువారం తెల్లవారగానే తిమ్మమ్మ నన్ను తోడు పెట్టుకుని చేలోకి వచ్చేసింది. కోడలు ఇంట్లో లేదట, ఎటు పోయిందో తెలియదట. రాయిని పెకలించే మనుషులు వచ్చారు, ట్రాక్టరు వచ్చింది. తిమ్మమ్మ దారి వైపే చూస్తూ కూర్చుంది. కాసేపు ఆగమని నేను ఆ మనుషుల్ని బతిమాలాను. వాళ్ళు మంచివాళ్ళే, టీ తాగారు, బీడీలు కాల్చారు, ఆఖరికి ఎండ ఎక్కుతోందప్పా అని లేచారు. పడుకోబెడితే పగులుతుందని, రాయిని ట్రాలీలో ఇసుక మూటల మధ్య నిలువుగానే ఎక్కించి తాళ్ళు కట్టారు. అన్ని వందల ఏళ్ళు నిలబడినచోట గుంత మిగిలింది. మగ్గం గుంత అంతే ఉంది.

తిమ్మమ్మ లేచి, ఎవరినీ అడక్కుండా ట్రాలీ ఎక్కింది. ఎనభైకి దగ్గరపడిన మనిషి. దిగమంటే దిగదు. రాతి మీద చెయ్యి వేసి, కోట దాకా వస్తా, పోనీ అంది. ఒక్కదాన్నే పంపలేక నేను కూడా ఎక్కాను. ట్రాక్టరు కదిలింది.

చేలోంచి రోడ్డెక్కే బండిదారిలో పోతుండగా, వెనక బడి వైపు నుంచి గట్ల మీద శివలీల కనబడింది. పరుగు కాదు, అదే నడక. తర్వాత బడిపిల్లలు చెప్పారు, తెల్లవారి నుంచీ ఆమె స్తూపం ముందు నిలబడే ఉందట, వాళ్ళు గోలీలాడడం మానేసి చూశారట. ఆమె చంకలో మడత పెట్టిన గుడ్డ. నేను డ్రైవరును ఆపమని కేకేశాను. అతను వేగం తగ్గించాడు.

"బండి నిలపొద్దు" అని అరిచింది శివలీల. "నిలపొద్దన్నా. మెల్లగ పోనీ."

ట్రాలీ వెనక తలుపు కిందికి దించే ఉంది. ఆమె వెనకే నడుస్తూ గుడ్డ విప్పి, ఒక కొస అత్త మీదికి విసిరింది. తిమ్మమ్మ దాన్ని అందుకుని రాతి అవతలి వైపు నుంచి తిప్పి కోడలి చేతికిచ్చింది. ఆమె నడక ఆపలేదు, ట్రాక్టరు ఆగలేదు. కొసలు కలవలేదు. జానెడు తక్కువ వచ్చింది. అప్పుడు చూశాను, అది నీలిగళ్ళ లుంగీ. వీరుడి గుడ్డ రాతి కొలతకు నేస్తారు, ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఈమె మనిషి కొలతకు నేసింది. అయ్యన్న కట్టుకునే కొలతకు.

తిమ్మమ్మ ముఖం పాలిపోయింది. శివలీల బొడ్లో దోపుకున్న ఒక పోగుల కట్ట తీసింది. కోసినప్పుడు అచ్చులో మిగిలిపోయే కొసలు. అయ్యన్న నింపి పోయినప్పట్నుంచీ అతుకుతూ వచ్చిన వరసకు చివరివి. వాటిని పేని, ఈ కొసకూ ఆ కొసకూ నడుస్తూనే ముడి వేసింది. ముడి బిగించాక ఇంకో నాలుగడుగులు రాతిని పట్టుకునే నడిచి, చెయ్యి వదిలింది.

"కూర్చున్నాడామ్మే?" అని అడిగింది తిమ్మమ్మ. అంత చిన్న గొంతు ఆమెకుందని నాకు తెలియదు.

"బండెక్కినాడత్తా. పోతానే ఉండాడు. కాళ్ళు గుంజవులే ఇంక."

తిమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ట్రాలీ కుదుపులకు రాయి ఊగుతోంది, లుంగీ అంచు గాలికి కొట్టుకుంటోంది, నిజంగానే ఎవరో నిలబడి ప్రయాణం చేస్తున్నట్టుంది. ఎదురొచ్చిన బస్సులోంచి జనం తలలు బయటపెట్టి చూశారు. శివలీల కోట దాకా మా వెనకే నడిచింది. ఎక్కమని నేను రెండుసార్లు పిలిచాను. మూడోసారి పిలవలేదు.

కోటలో రాయిని దించి, పాత ధాన్యాగారం పక్కన నిలబెట్టి సిమెంటు పోశారు. కాపలా ఆయన వచ్చి గుడ్డ తీసేయాలన్నాడు. తిమ్మమ్మ ఆయన వైపు చూసింది. ఆయన ఏమనుకున్నాడో, టీ తాగొస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

శివలీల కనబడకపోతే కొండ చీలిన గండి వైపు పోయాను. ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు దూరంగా నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. ఆమె ఎర్రబండ అంచున కూర్చుని ఉంది. కాళ్ళు కిందికి వేలాడుతున్నాయి, అంత కింద పెన్న. పిలిస్తే ఉలిక్కిపడుతుందేమోనని మెల్లగా పక్కకు పోయాను. ఆమె కాళ్ళు ఆడుతున్నాయి, ఒకటి తర్వాత ఒకటి, గుంతలో తొక్కినట్టే.

"అన్నా, నీ అంగట్లో సన్న నూలు ఉండాదా?"

ఉందన్నాను.

"రేపు తీసిపెట్టు. మగ్గం ఖాళీగా ఉండాది. ఈసారి అచ్చు నేనే నింపుకుంటా."

ఊరికి తిరిగి అదే ట్రాక్టరులో బయల్దేరాం. ఖాళీ ట్రాలీలో ఇసుక మూటలకు ఆనుకుని తిమ్మమ్మ, ఆమె పక్కన నేను. శివలీల అప్పటికే నడవడం మొదలుపెట్టింది. కోట వాకిలి దాటి కొంత దూరం పోయాక ఆమె రోడ్డు పక్కన కనబడింది. డ్రైవరు మంచివాడు, ఎక్కించుకుందామని బ్రేకు మీద కాలు పెట్టాడు.

తిమ్మమ్మ ముందుకు వంగి ట్రాలీ ముందు రేకు తట్టింది.

"నిలపొద్దప్పా" అంది. "నడవనీ దాన్ని."